నేను అడగని పేజీ

దయ్యాలు, శకునాలు, చనిపోయినవాళ్లు కలలో కనబడి చెప్పడాలు, ఇలాంటివేవీ నేను నమ్మను. నాకు జరిగిన ఈ సంగతి ఎవరికి చెప్పినా సగంలో ఆపి, మీకు మొదటినుంచీ ఇలాంటివంటే ఇష్టమేమో అంటారు. అందుకే ముందే చెబుతున్నాను. ఏలూరులో ఫిజిక్స్ చదివాను, ఆ తర్వాత కంప్యూటర్ కోర్సు చేశాను. మా అత్తగారు దిష్టి తీస్తుంటే పక్కన నిలబడి నవ్వినదాన్ని. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల చివర్లో మేము ఒమాన్‌లో ఉండేవాళ్లం. మస్కట్‌లో, దార్సైట్‌లో ఫ్లాట్. మా ఆయన శ్రీనివాస గుప్త ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేసేవారు. నేను రుసైల్‌లో ప్లాస్టిక్ పైపులు చేసే ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్ల ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అన్నది పెద్ద మాటే. నాలుగు కంప్యూటర్లు, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, కూతపెట్టే మోడెమ్ ఒకటి, వీటన్నిటికీ నేను.

ఒమాన్‌కు ఇంటర్నెట్ అప్పుడే కొత్తగా వచ్చింది. కానీ ఏ పేజీ అడిగినా ముందు ప్రభుత్వం పెట్టిన ఒక పెద్ద కంప్యూటర్ గుండా పోవాలి. దానికి నచ్చకపోతే తెరమీద నాలుగు ముక్కలు వచ్చేవి, ఈ పేజీ చూడటానికి అనుమతి లేదని. బూతు బొమ్మలు ఆపితే సరే అనుకోవచ్చు. మామూలు మనుషులు ఉచితంగా పేజీలు పెట్టుకునే చోట్లను కూడా మొత్తంగా మూసేశారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పెట్టిన తెలుగు పేజీలు, వంటల పేజీలు, డాక్టర్లు, మేష్టర్లు సొంతంగా రాసుకున్నవి, అన్నీ ఆ మూతలోనే పోయాయి.

దానికి దారి కనిపెట్టింది నేనే. ఇప్పటికీ ఈ మాట చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను.

ఒక కంప్యూటర్ పత్రికలో మూలన నాలుగు లైన్లు చదివాను. యూరప్‌లో ఏదో యూనివర్సిటీలో ఒక కంప్యూటర్ ఉంది. కావలసిన పేజీ చిరునామా రాసి దానికి మెయిల్ పంపితే, అదే ఆ పేజీ తెరిచి, అందులో ఉన్న రాతంతా తిరుగు మెయిల్‌లో పంపుతుంది. బొమ్మలు రావు, అక్షరాలు మాత్రమే. మన దగ్గర పేజీలను ఆపుతున్నారు కానీ మెయిళ్లను ఆపడం లేదు కదా అని ప్రయత్నించాను. మొదటి జవాబు రావడానికి మూడు గంటలు పట్టింది. వచ్చింది గోంగూర పచ్చడి ఎలా చేయాలో. ఆ రోజు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

తర్వాత దార్సైట్‌లో నాకు పేరొచ్చింది. ఆడవాళ్లు కాగితం ముక్కల మీద చిరునామాలు రాసి ఇచ్చేవారు. నాకు భయం లేకపోలేదు. ఎవరైనా పై ఆఫీసులో చెబితే వీసా పోతుంది. అందుకే ఒకరోజు మా మేనేజర్‌కు నేనే చెప్పేశాను. ఆయన ఒమానీ, ఫ్యాక్టరీలో అందరూ ముదీర్ అనేవాళ్లు. ఆయన సాంతం విని, చెత్తేమీ చూడటం లేదు కదా అని అడిగి, తన ఫుట్‌బాల్ జట్టు గురించి ఎవరో అభిమాని పెట్టుకున్న పేజీ చిరునామా నా చేతికిచ్చారు.

ఇక ఆ రోజు సంగతి.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున్నే కడుపునొప్పి మొదలైందట, నాకు చెప్పకుండానే డ్యూటీకి వెళ్లిపోయారు. ఇప్పుడు ఆసుపత్రిలో చేర్చారు. అపెండిక్స్. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చే అసర్ నమాజు తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారట.

రుసైల్ నుంచి ఆసుపత్రికి అరగంట పైనే దారి. కంపెనీ పికప్ పైపులు దింపడానికి వెళ్లింది, రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. బయట ఎండ. టాక్సీ దొరికే చోటు కాదు. ఆఫీసులో అందరూ భోజనానికి వెళ్లారు. చేతులు ఊరుకోలేదు. ఆ పత్రికలోనే అచ్చయిన ఒక చిరునామా గుర్తొచ్చింది. ఎవరో ఇంగ్లాండ్ డాక్టరు అపెండిక్స్ ఆపరేషన్ గురించి మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాసిన పేజీ. తెరిస్తే అనుమతి లేదంది. అలవాటు ప్రకారం మెయిల్ పంపాను. జవాబు ఏ సాయంత్రానికో వస్తుంది, అప్పటికి ఆపరేషన్ కూడా అయిపోతుందని తెలుసు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి చేశాను.

ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. ఎప్పుడూ అంత తొందరగా రాలేదు.

పైన నేను పంపిన చిరునామాయే ఉంది. సరిగ్గా చూడకుండానే ప్రింట్ ఇచ్చాను. రెండు కాగితాలు. ప్రింటరు నుంచి చింపుతుండగానే పికప్ వచ్చింది. డ్రైవర్ లింగన్నది జగిత్యాల పక్క ఊరు. కబురు అతనికి అప్పటికే అందినట్టుంది, తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. సార్‌కు ఏం గాదు. నేను తోల్కపోత" అన్నాడు.

ఎయిర్‌పోర్టు దాటుతుంటే కాగితాలు చదవడం మొదలుపెట్టాను. అందులో అపెండిక్స్ అన్న మాటే లేదు.

మత్తు ఇచ్చే డాక్టరు ఒకాయన రాసిన వ్యాసం అది, సులువైన ఇంగ్లీషులో. మన తెలుగు వైశ్య కుటుంబాల్లో కొందరి రక్తంలో ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉంటుందని, మామూలు జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదని రాశారు. కానీ మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు అలాంటివాళ్లకు పడితే, నిమిషాల్లో తగ్గాల్సిన దాని ప్రభావం గంటలకొద్దీ ఉండిపోతుంది. మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఇలా జరిగి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పమని, ఆ మందు వాడనివ్వవద్దని రాశారు. చివర ఆయన పేరు, కింద గుంటూరు.

మేము వైశ్యులం. అది కాదు నన్ను కదిలించింది. మా ఆయన బాబాయికి చాలా ఏళ్ల కిందట విజయవాడలో హెర్నియా ఆపరేషన్ అయింది. తర్వాత సాయంత్రం దాకా ఆయన తనంతట తాను ఊపిరి తీసుకోలేదు, డాక్టర్లు వంతులవారీగా ఊపిరి అందించే రబ్బరు బుడగ చేత్తో నొక్కుతూ కూర్చున్నారు. మా అత్తగారు దాన్ని మొక్కు కథలా చెప్పేవారు. మొక్కుకోగానే కళ్లు తెరిచారని. నేను అప్పుడు కూడా నవ్వాను.

లింగన్నతో కొంచెం వేగంగా పోనిమ్మన్నాను. అతను నా మొహం చూసి వేగం పెంచాడు.

నేను వెళ్లేసరికి మా ఆయనకు ఆకుపచ్చ గౌను వేసి ట్రాలీ మీద పడుకోబెట్టారు. నొప్పితో మొహం పాలిపోయి ఉంది. నా చేతిలో కాగితాలు చూశారు. మత్తు డాక్టరుకు ఇవ్వాలని చెప్పాను.

"వసంతా, వాళ్లకి మనం చెప్పేదేంటి? బాగోదు" అన్నారు.

"బాగోకపోతే పోనీండి. మీరు కాసేపు మాట్లాడకండి" అన్నాను.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆయనతో అలా మాట్లాడింది అదే మొదలు.

మత్తు డాక్టరు సూడాన్ ఆయన. పొడుగ్గా, నిదానంగా ఉండేవారు. నా ఇంగ్లీషు తడబడింది. కాగితాలు చేతికిచ్చి, బాబాయి సంగతి చెప్పాను. ఆయన నిలబడే రెండు కాగితాలూ చదివారు. ఇది ఎక్కడిదని అడిగారు. మూసేసిన పేజీని దొంగదారిన తెప్పించానని ప్రభుత్వ ఆసుపత్రిలో చెప్పడమెలా అనుకున్నాను. కానీ అబద్ధం చెబితే కాగితం మీద నమ్మకం పోతుందనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన నన్ను తేరిపార చూశారు. బాబాయి అంటే తండ్రికి సొంత తమ్ముడేనా, ఎన్ని గంటలు పట్టింది అని మాత్రం అడిగారు. తర్వాత ఆ కాగితం మీదే తేదీ, సమయం వేసి, పొట్టి సంతకం పెట్టి, ఒక కాపీ ఫైలులో పెట్టించారు. ఆ మందు వాడను, వేరే దారి ఉంది, ముందు రక్తం తీసి పరీక్షకు పంపుతానన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. మా ఆయన వేళకు లేచి, దాహమన్నారు.

రక్త పరీక్ష జవాబు కొన్ని రోజులకు వచ్చింది. ఆ ఎంజైమ్ దాదాపు లేనట్టే. సూడాన్ డాక్టరు వార్డుకు వచ్చి మా ఆయనతో అన్న మాట ఇన్నేళ్లయినా నేను ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"నేను అరుదుగా ఒకరి దగ్గర పాఠం నేర్చుకుంటాను. మొన్న మీ భార్య దగ్గర నేర్చుకున్నాను."

మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు, తనకేదో బహుమతి ఇచ్చినట్టు. తర్వాత చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆ మాట ఆయనే చెప్పారు, తన నోరు నేను మూయించిన సంగతితో సహా.

ఇక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు. కంప్యూటర్ పొరపాటున ఒక పేజీ బదులు ఇంకోటి పంపింది, అదృష్టం అనుకునేదాన్ని.

గుంటూరు డాక్టరుకు కృతజ్ఞత చెప్పాలనుకున్నాను. ఏలూరులో ఉన్న మా తమ్ముడు వాకబు చేసి నంబరు సంపాదించాడు. రిటైరైన పెద్దాయన. ఫోన్ చేసి, మీ పేజీ మా ఇంటాయనను కాపాడిందండీ అన్నాను.

"పేజీ ఏంటమ్మా?" అన్నారు.

ఆయన దగ్గర కంప్యూటరే లేదు. ఇంటర్నెట్‌లో తను ఏమీ పెట్టలేదన్నారు. కాగితాలు ఫ్యాక్స్ చేస్తాను చూడండని, వాళ్ల వీధి చివర ఫోన్ బూత్‌లో ఉన్న ఫ్యాక్స్ నంబరు తీసుకుని పంపాను. మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. గొంతు మారిపోయి ఉంది.

"ఇది నా రాతేనమ్మా. నోట్‌బుక్‌లో చేత్తో రాసుకున్నాను. రెండో పేజీలో నెవర్ అన్న మాట రెండుసార్లు పడింది చూడు. నోట్‌బుక్‌లోనూ అలాగే ఉంది, కొట్టేద్దామనుకుని వదిలేశాను. అది నా బీరువాలోంచి బయటికి పోలేదు. నీకెవరిచ్చారు?"

నాకు తెలియదన్నాను. ఆయన నమ్మారో లేదో.

నేను ఊరుకోలేదు. పంపిన మెయిల్ తీసి చూశాను. అందులో ఉన్నది అపెండిక్స్ పేజీ చిరునామాయే, ఒక్క అక్షరం తేడా లేదు. అసలు అపెండిక్స్ పేజీ ఆపరేషన్ మర్నాడు ఉదయం విడిగా వచ్చి ఉంది. యూనివర్సిటీలో ఆ కంప్యూటర్‌ను చూసుకునే ఆయనకు రాశాను. ఓపిగ్గా లెక్కలు తీసి జవాబిచ్చారు. వాళ్ల వైపు నుంచి నాకు వెళ్లింది ఆ ఒక్క అపెండిక్స్ పేజీయేనట, అదీ మర్నాడేనట. ఐదు నిమిషాల్లో వెళ్లిన జవాబేదీ వాళ్ల దగ్గర లేదు. మా కంప్యూటర్ గడియారం తప్పేమోనని కూడా చూశాను. కానీ సూడాన్ డాక్టరు చేత్తో వేసిన తేదీ ఆపరేషన్ నాటిదే. దాన్ని ఏ గడియారమూ మార్చలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు పెద్దాయన ఆ వ్యాసాన్ని తెలిసినవాళ్ల చేత టైపు చేయించి ఒక ఉచిత సైటులో నిజంగానే పెట్టించారు. నాకు చిరునామా పంపారు. ఒమాన్‌లో అది తెరుచుకోలేదు. మెయిల్ పంపి తెప్పించుకున్నాను. అందులో నెవర్ అన్న మాట ఒక్కసారే ఉంది.

మా పిల్లలిద్దరికీ పరీక్ష చేయించాం. చిన్నదానికి కూడా ఆ లోపం ఉంది. దార్సైట్‌లో ఉన్న మన కుటుంబాలన్నిటికీ ఆ వ్యాసం కాపీలు తీసి నేనే పంచాను. కొందరు పరీక్షలు చేయించుకున్నారు. వాళ్లలో ఒకావిడ ఇప్పటికీ ఫోన్ చేస్తే నన్ను డాక్టరమ్మా అనే పిలుస్తుంది. వద్దని నేను అనను.

అందరూ ఆగిపోయిన చోట దారి వెతికింది నేను. ఆ పెద్ద డాక్టరు ముందు నిలబడి మాట్లాడింది నేను. ఆ రెండూ నావే, ఎవరికీ ఇవ్వను. కానీ ఆ మధ్యాహ్నం నాకు జవాబు పంపింది ఎవరో మాత్రం, ఇన్నేళ్లు వెతికినా నాకు తెలియలేదు.