పలాస నుంచి వచ్చిన టీకా కార్డు

భాగ్యరేఖకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఈ సంగతి ఆమె భర్తకు తెలుసు. పదకొండేళ్లుగా ఆమె నర్సుగా పనిచేస్తున్న భిలాయి పిల్లల ఆసుపత్రిలో మాత్రం ఎవరికీ తెలియదు. తండ్రి ధర్మారావు ఉక్కు కర్మాగారంలో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చినవాడు. కూతురు కర్మాగారం వాళ్ల సెక్టారు బడిలో హిందీలో చదువుకుంది. ఒక వేసవిలో ఆయన పలక కొనిచ్చి అక్షరాలు దిద్దించబోతే ‘ఋ’ దగ్గర మొరాయించింది. పెద్దయ్యాక ఎవరైనా శుభలేఖ చేతికిస్తే, బొమ్మ బాగుందని మెచ్చుకుని పక్కవారికి అందించేది.

టీకాల గదిలో ఆమెను అందరూ ‘తెలుగు మేడమ్’ అంటారు. ఊళ్లో కోహ్కా, సుపేలా పేటల వైపు తెలుగు కోడళ్లు తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లి, మూడో నెలలో బిడ్డతో తిరిగి వస్తారు. మొదటి టీకాలు అక్కడ, మిగిలినవి ఇక్కడ. ఆంధ్రా కార్డు కనబడితే చాలు, డాక్టర్ శ్యామసుందర్ దాన్ని ఆమె బల్లమీదికి పంపించేవాడు. తేదీలు అంకెల్లో ఉంటాయి, టీకాల పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. ఆ రెండింటితోనే ఆమె ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది.

ఆ బుధవారం నూకమ్మ అనే పెద్దావిడ మనవడిని ఎత్తుకొచ్చింది. సెలవు అయిపోవడంతో కోడలు రజని డ్యూటీకి వెళ్లిందట. కార్డు పలాసది. టీకాల గడుల కింద నీలి సిరాతో మూడు వరుసల తెలుగు చేతిరాత ఉంది.

“అక్కడి సిస్టరమ్మ ఏటో రాసిందట. తప్పకుండా సూపించమని కోడలు మరీమరీ సెప్పింది. ఏటి రాసిందమ్మా?”

వెనక ఇరవైమంది తల్లులు నిలబడి ఉన్నారు. భాగ్యరేఖ ఆ మూడు వరుసల మీద, చదివితే ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూపు నడిపించింది.

“ఏం లేదు మామ్మా. జ్వరమొస్తే చుక్కల మందు వెయ్యమని.”

పక్క గదిలోంచి డాక్టరు కేకేశాడు. “సబ్ ఠీక్ హై?”

“ఠీక్ హై, సర్.”

బిడ్డ తొడకు సూది వేసింది.

మర్నాడు ఉదయం అదే బిడ్డను ఫిట్స్‌తో తెచ్చి వార్డులో చేర్చారన్న కబురు టీకాల గదికి వచ్చింది. మధ్యాహ్నానికి ఫిట్స్ ఆగాయి. భాగ్యరేఖ వార్డుకు వెళ్లేసరికి బిడ్డ నిద్రపోతున్నాడు. మంచం పక్కన రజని కార్డు పట్టుకుని కూర్చుంది. ఆమె భర్త సతీష్‌కుమార్ తల్లి మీద విరుచుకుపడుతున్నాడు.

“కంగారుపడతావని నీకు చెప్పలేదు గానీ, మొదటి టీకాకే ఫిట్స్ వచ్చాయి, డాక్టర్ని అడక్కుండా రెండోది వెయ్యొద్దు అని సాఫ్ సాఫ్ రాసుంది కదమ్మా! ఎందుకు చూపించలేదు?”

“సూపించేన్రా బాబూ.”

“చూపిస్తే ఆవిడ చదవదా? తెలుగు మేడమే కదా! ఒక్క పని చెప్తే ఒక్క పని చెయ్యలేవు నువ్వు.”

నూకమ్మ కోడలి చేతిలోని కార్డు వైపు చూసింది. “సూపించినట్టే ఉన్నాది మరి... ఎనకపక్క తిప్పి ఇచ్చేనో ఏటో. నా బుర్ర మండిపోనూ!”

ముసలామె తన జ్ఞాపకాన్ని తానే నమ్మడం మానేస్తోంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే తప్పంతా ఆమె నెత్తిన స్థిరపడిపోతుంది. ఆ సౌకర్యం భాగ్యరేఖకు స్పష్టంగా కనబడింది. దాన్ని గమనించినందుకే ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది.

“మామ్మ చూపించారు,” అంది. “నేనే చదవలేదు. నాకు తెలుగు చదవడం రాదు.”

సతీష్‌కుమార్ నిర్ఘాంతపోయాడు. “క్యా? మరి చుక్కల మందని చెప్పారట?”

“అబద్ధం చెప్పాను.”

నూకమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“నాకూ సదువు రాదమ్మా. బస్సు బోర్డు కాణ్ణించి మందు సీసా దాకా ఎవులు కనబడితే ఆలనే అడుగుతాను. నాకేటి సిగ్గు? రాదని నాతో ఒక్క మాటనుంటే, లైన్లో నిలబడ్డ ఏ పిల్ల సేతైనా సదివించుదును గదా.”

భాగ్యరేఖ బిడ్డ నుదురు వెచ్చగా ఉందేమోనని చెయ్యి చాపింది. రజని బిడ్డను ఒడిలోకి తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని భాగ్యరేఖ డాక్టరు గదివైపు నడిచింది, అదే మాటను హిందీలో మరోసారి చెప్పడానికి.