రెండు పెట్టెలు, ఒక సర్టిఫికెట్

మొన్న మండలాఫీసులో నా దరఖాస్తును, తేదీ ఒక గడిలో వేయబోయి పక్క గడిలో వేశానని, కిటికీలోంచి వెనక్కి నెట్టారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, ఇంత చిన్న విషయానికి అంత కోపం ఎందుకొచ్చిందా అని ఆలోచిస్తే, అది నా మొదటి ఉద్యోగం నాటి కోపమని అర్థమైంది.

రెండువేల పదిలో ఎలక్ట్రానిక్స్ చదువు ముగించి, దూలపల్లిలో రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న కంపెనీలో అనలిస్టుగా చేరాను. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి బస్సు, ఆపైన నడక. యుద్ధనౌక మీద ఫిరంగి ఎటు తిరగాలో లెక్కగట్టే ఒక ఇనుప పెట్టెకు నౌకాదళం ఆమోదం రావాలి. అందుకు వాళ్లు రాసిచ్చిన ప్రతి షరతుకూ ఎదురుగా, అది నెరవేరిందని చూపే పరీక్ష కాగితం వెతికి, పేజీ నంబరు వేసి ఫైలులో పెట్టడం నా పని. సముద్రం మొహం చూడని బిడ్డ ఓడల కంపెనీలో చేస్తోందని మా బాపు ఊళ్లో గొప్పగా చెప్పుకునేవాడు గానీ, నా రోజులన్నీ మార్జిన్లు సరిచేయడంలోనే గడిచేవి. ఫుల్‌స్టాప్ తప్పిందని ఒకసారి, కంపెనీ గుర్తు పక్కకు జరిగిందని ఇంకోసారి కాగితం తిరిగొచ్చేది. అందులో ఏం రాశానో మాత్రం ఎవరూ చదివేవారు కారు.

ఓ రోజు ఒక షరతు దగ్గర ఆగిపోయాను. ఓడ కుదుపులకు తట్టుకుంటుందా అని వైబ్రేషన్ టేబులు మీద పెట్టి ఊపిన పెట్టె నంబరు ఒకటి, ఆ తర్వాత బాగా పనిచేసిందని రిపోర్టులో రాసిన పెట్టె నంబరు ఇంకొకటి. ఆ టేబులు నడిపేది కుత్బుల్లాపూర్ నుంచి వచ్చే ఒక పెద్దాయన. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు షెడ్డు, అంతే ఆయన లోకం. మేమంతా కాకా అని పిలిచేవాళ్లం. అడిగితే దాచకుండా చెప్పాడు.

“మొదటిదాంట్ల బోల్టు వదులైంది బిడ్డా. నేను రాసిచ్చిన. ఇంకో పెట్టె తెచ్చి కొలతలు తీస్కున్నరు. నా కాయిదం ఎటు పోయిందో నాకెర్క లేదు.”

మేనేజరు సారుకు చెబితే కంప్యూటరు మీంచి తల ఎత్తకుండానే, “గది చేతి తప్పు. నంబర్ దిద్దు, జల్దీ,” అన్నాడు. నేను దిద్దలేదు, నోట్ రాశాను. ఫారం సరైనది కాదని తిరిగొచ్చింది; ఫారం మారిస్తే అక్షరాల సైజు, సైజు మారిస్తే సంతకాల వరస. నాలుగోసారి తిరిగొచ్చిన రోజు ఉక్రోషం పట్టలేక బాత్రూములో నిలబడి ఏడ్చాను.

నౌకాదళం అధికారి వచ్చిన రోజున పేజీలు తిప్పడానికి నన్ను లోపలికి పిలిచారు. నా నోట్ ఫైలులో లేదు. అయినా ఆయన సరిగ్గా ఆ పేజీ దగ్గరే ఆగి, ఈ రెండూ ఒకే పెట్టేనా అని అడిగాడు. సారు నా వైపు చూశాడు. కాదు అన్నాను.

ఆమోదం ఆగింది. పెట్టెను మళ్లీ ఊపితే మళ్లీ ఆ బోల్టే వదులైంది. చివరికి గట్టి బోల్టులు వేసి పరీక్ష నెగ్గించారు, సర్టిఫికెట్ వచ్చింది, స్వీట్లు పంచారు. ఆ వారమే, రికార్డులు సరిగా రాయలేదని కాకను పనిలోంచి తీసేశారు. ఆయన రాశాడని నేనెంత మొత్తుకున్నా, ఆ సంగతి ముగిసిపోయిందన్నారు. నేను మాత్రం రెండువేల పద్నాలుగు దాకా అదే కుర్చీలో మార్జిన్లు దిద్దుతూ కూర్చున్నాను.

కాకను తీసేసిన కొన్ని నెలలకు ధైర్యం చేసి ఆయన ఇంటికి వెళ్లాను. కోపమేమీ చూపలేదు. చాయ్ ఇప్పించి ఒక్కటే అడిగాడు.

“గా బోల్టులు మార్చిన్రా బిడ్డా?”

పని విషయాలు బయటి వాళ్లకు చెప్పనని చేరిన రోజునే సంతకం పెట్టి ఉన్నాను. ఆయన పట్టుకున్న తప్పే అది, దాని సంగతి ఆయనకే చెప్పకూడదట! “నాకు తెల్వది కాకా,” అన్నాను. ఆయన తలూపి, “చాయ్ సల్లారుతాంది, తాగు,” అన్నాడు.

ఇప్పుడు అటువైపు వెళితే షెడ్డుల చోట అపార్టుమెంట్లు, వాటి బాల్కనీల్లో ఆరేసిన బట్టలు. కాక చనిపోయి చాలా ఏళ్లయిందని విన్నాను. చేతిలో ఉన్న ఉద్యోగం పోతుందన్న భయం అప్పట్లో మనల్ని ఎంత చిన్నవాళ్లను చేసేదో నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ భయం ఏనాడో పోయింది గానీ, అడిగిన మనిషీ దానితోపాటే పోయాడు. ఇప్పుడైతే చెప్పేదాన్ని: మార్చిన్రు కాకా, అన్నీ మార్చిన్రు.