జాబితాలో లేని అక్క

ఆ భవనం మూడో అంతస్తులో ఎడమవైపు ఇంటికి దారి అడిగితే, "సీట్లక్క వాళ్ళిల్లా?" అని ఎదురడిగేవారు. అద్దె పత్రం మీద ఉన్నది ఆమె తమ్ముడి పేరు. అయినా ఇల్లు ఆమె పేరు మీదే చలామణీ అయింది. ముందు గదిలో కిటికీ పక్కన పోత ఇనుము మిషను ఒకటి ఉండేది. స్కూటర్ల సీట్లకీ వ్యాన్ల సీట్లకీ రెక్సిన్ తొడుగులు ఆమె దానిమీదే కుట్టేది. ఆ మోత భరించలేక కింది ఇంటాయన ఒకసారి గొడవకొచ్చి, చివరికి తన స్కూటరు సీటు కుట్టించుకుని వెళ్ళాడు.

సీట్లక్కకి యాభై రెండేళ్ళు, తమ్ముడికి నలభై ఒకటి. తల్లీతండ్రీ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. వాడికి అన్నం పెట్టిందీ, మెకానిక్కు పని నేర్పించిందీ, పెళ్ళి చేసిందీ ఆమే. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "ఒక మగాణ్ణి పెంచేసరికే నా ఓపిక అయిపోయింది" అని నవ్వేసేది.

తమ్ముడు బస్సు డిపోలో ఉద్యోగం మీద ఈ దేశానికి ముందు వచ్చాడు. అతనికీ భార్యకీ శాశ్వత నివాసం దొరికింది. కూతురు ఇక్కడే పుట్టింది. అక్క తర్వాత ఒక సీట్ల ఫ్యాక్టరీ పిలిస్తే వచ్చింది. ఆమె పర్మిట్ ఆ ఫ్యాక్టరీలో పనికి మాత్రమే చెల్లుతుంది. ఫ్యాక్టరీ మూతపడింది. పర్మిట్ పొడిగించాలంటే యజమాని సంతకం కావాలన్నారు. యజమాని ఆచూకీ లేదు. దరఖాస్తు రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి ఆమె పంపలేదు. అది జరిగి ఆరేళ్ళు.

ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తారనీ, భవనం పడగొడతారనీ నోటీసు వచ్చింది. ఖాళీ చేసేవాళ్ళకి ప్రభుత్వం వేరే చోట ఇల్లు చూపిస్తుంది, సామాన్లకి లారీ పంపుతుంది, రెండేళ్ళపాటు అద్దెలో కొంత భరిస్తుంది. అయితే ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ తాము చట్టబద్ధంగా ఉంటున్నామని సంతకం పెట్టాలి. పెట్టలేనివాళ్ళని లెక్కలోంచి తీసేసి, మిగిలినవాళ్ళకి సరిపడా గదులే ఇస్తారు. దీనికి ఒక మినహాయింపు ఉంది. అలా తీసేయడం వల్ల, ఆ మనిషి తాలూకు, చట్టబద్ధంగా ఉంటున్న భర్తకో భార్యకో, తల్లిదండ్రులకో, బిడ్డలకో తీరని కష్టం కలిగేటట్టయితే విన్నవించుకోవచ్చు.

తమ్ముడు ఆ వాక్యం మూడుసార్లు చదివాడు. "ఇందులో తోబుట్టువులు లేరు" అన్నాడు.

"లేకపోతే లేరు. ముందు అన్నం తిను, చల్లారిపోతోంది" అంది సీట్లక్క.

"అమ్మ అని రాసేస్తాను అక్కా. అందులో అబద్ధమేముంది?"

"నువ్వు పుట్టేనాటికి నాకు పదకొండేళ్ళురా! ఆ ఆఫీసులో లెక్కలొచ్చినవాడు ఒక్కడూ ఉండడనుకున్నావా?"

కూతురు ఫక్కున నవ్వింది. మరదలు నవ్వలేదు. ఆమె ఆసుపత్రి లాండ్రీలో రోజంతా నిలబడి దుప్పట్లు మడతపెట్టి వచ్చిన మనిషి. మూడు రోజులుగా మనసులో నలుగుతున్న మాట మెల్లగా బయటపెట్టింది.

"ముగ్గురమే ఉంటున్నామని చెబుదాం. ఆఫీసు నుంచి మనిషి వచ్చే రోజు మీరు పై ఇంట్లో కూర్చోండి. మీ పర్మిట్ సంగతి బయటపడితే పంపించేస్తారేమో. మీ మంచికే వదినా, కోపం తెచ్చుకోకండి."

"కోపమెందుకు? పై ఇంట్లో టీవీ పెద్దది కూడానూ."

మంగళవారం పొద్దున మరదలు మిషను మీద దుప్పటి కప్పి, దానిమీద రెండు పూల కుండీలు పెట్టింది. రెక్సిన్ చుట్టలు మంచం కిందకి తోసింది. పదకొండింటికి పునరావాసం ఆఫీసరమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసంతో కుర్చీలో కూలబడింది. మంచినీళ్ళు తాగి, టేపు తీసి గదులు కొలిచింది, మంచాలు లెక్కపెట్టింది.

సీట్లక్క పైకి వెళ్ళింది గానీ టీవీ ముందు కుదురుగా కూర్చోలేకపోయింది. మెట్లు దిగి వచ్చి, మలుపు దగ్గర చతికిలబడింది. తలుపు సగం తెరిచే ఉంది.

"మొత్తం ఎంతమంది?" ఆఫీసరమ్మ గొంతు.

"ముగ్గురం అండీ."

"మంచాలు నాలుగున్నాయే?"

"చుట్టాలొస్తుంటారు."

"మీకు తోబుట్టువులు ఎవరైనా ఉన్నారా?"

తమ్ముడు, "ఎవరూ లేరండీ" అన్నాడు.

ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. చిన్నప్పుడు పలక పగలగొట్టి, నేల చూస్తూ నాకు తెలీదన్న గొంతే అది. ఇప్పుడూ నేలే చూస్తుంటాడని ఆమెకి తెలుసు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది, లోపలికి నడిచింది.

"వాడికి ఓ అక్క ఉందండీ. ఇక్కడే ఉంటుంది. రాసుకోండి."

మరదలి మొహం పాలిపోయింది. ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది.

"మీరు సంతకం పెట్టగలరా?"

"పెట్టలేను. పర్మిట్ పోయి ఆరేళ్ళయింది. ఆ మిషను కూడా నాదే. దుప్పటి కింద ఉందే, అది."

"అయితే ఉంటున్నవాళ్ళు నలుగురు, అర్హులు ముగ్గురు అని రాస్తాను. కారణం రాయడానికి ఇందులో చోటు లేదు."

"ఈ కాగితం ఎవరి దగ్గరికి పోతుందండీ?" మరదలు అడిగింది.

"ఇళ్ళు కేటాయించేవాళ్ళ దగ్గరికి. మా ఆఫీసు అంతకుమించి పంపదు." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ముగ్గురని సంతకం పెట్టి, తర్వాత నలుగురని బయటపడి ఉంటే మీ ముగ్గురి సాయం కూడా ఆగిపోయేది. ఇంకా సంతకం కాలేదు కాబట్టి ఇందాకటి మాట నేను వినలేదు."

తమ్ముడు మినహాయింపు వాక్యం మీద వేలు పెట్టి చూపించాడు. "నన్ను పెంచింది ఈవిడేనండీ."

"అక్క ఇందులో రాదు. దత్తత కాగితం లాంటిదేమైనా ఉందా?"

"సొంత తమ్ముణ్ణి ఎవరైనా దత్తత తీసుకుంటారా అండీ?" అంది సీట్లక్క.

ఆఫీసరమ్మ ఆ మాట కూడా ఒక పక్కన రాసుకుంది. ఫలితం ఉంటుందని మాత్రం చెప్పలేనంది. పోతూ పోతూ, ఉచితంగా కేసులు చూసే లాయర్ల చిరునామా ఒక చీటీ మీద రాసిచ్చింది.

ఆమె వెళ్ళాక మరదలు కుండీలు దించి, దుప్పటి మడతపెట్టింది. "ఒక్కమాట చెప్పి రావచ్చుగా వదినా, నా గుండె ఆగిపోయింది" అంది. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగారు.

రెండు నెలలకి జవాబు వచ్చింది. మినహాయింపు కుదరదని ఒక్క వాక్యం. ఇల్లు మూడు గదులది కాదు, రెండు గదులది.

మారే రోజు లారీతో పాటు నలుగురు మనుషులు వచ్చారు. వాళ్ళ మేస్త్రీ చేతిలో జాబితా ఉంది. బీరువాకి టిక్కు, మంచాలకి టిక్కు, మిషను దగ్గర ఆగాడు.

"ఇది అర్హత లేని మనిషిదని రాసుందండీ. లారీ ఎక్కిస్తే నా ఉద్యోగం పోతుంది."

తమ్ముడు వాదనకి దిగబోయాడు. సీట్లక్క అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది. "ఆయన్నంటావేం? స్పానర్ పట్రా."

అరగంటలో తమ్ముడు మిషను ఊడదీశాడు. ఇనుప స్టాండు ఒక పక్క అక్క, ఒక పక్క తమ్ముడు పట్టుకున్నారు. కుట్టే తలకాయని మరదలు పసిబిడ్డలా చీరకొంగులో చుట్టి ఎత్తుకుంది, చెక్క బల్ల కూతురి నెత్తి మీద. మెట్ల మీద ప్రతి మలుపులో ఆగి, ఊపిరి తీసుకుని, బస్‌స్టాపు చేరారు. కొత్త ఇల్లు పదకొండు స్టాపుల దూరం. రెండు బస్సులు వాళ్ళని చూసి ఆగకుండానే పోయాయి. మూడో బస్సు డ్రైవరు తమ్ముడికి తెలిసినవాడు.

"ఏంటి బావా, డిపో ఊడబీక్కుని పోతున్నావా?" అని వెనక తలుపు తీశాడు. ఎక్కినవాళ్ళు తలా ఒక చెయ్యి వేశారు.

కొత్త ఇంట్లో ముందు గది సీట్లక్క మంచానికీ మేనకోడలి మంచానికీ సరిపోయింది. మిషను వంటింట్లో గోడ వార పెట్టారు. అది నడుస్తున్నంతసేపూ పొయ్యి దగ్గరికి పోవాలంటే పక్కకి ఒదిగి వెళ్ళాలి. ఆ విషయం మీద వదినామరదళ్ళు వారానికి ఒకసారైనా పోట్లాడుకుంటారు.

లాయరు దగ్గరికి మొదటిసారి సీట్లక్కని తీసుకెళ్ళింది మరదలే, సెలవు పెట్టుకుని. మూతపడ్డ ఫ్యాక్టరీ రికార్డులు ఏ ఆఫీసులో ఉన్నాయో కనుక్కోవడానికే ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు ఆమె పర్మిట్ దరఖాస్తుకి ఒక నంబరు వచ్చింది. విచారణ తేదీ ఇంకా వేయలేదు.