ఇమ్మానుయేల్ చెప్పిన అబద్ధం

వనపర్తిలో మా జిరాక్స్ దుకాణం పక్కనే ఇమ్మానుయేల్ కంప్యూటర్లు బాగుచేస్తాడు. పని వచ్చినవాడే, కానీ స్క్రూడ్రైవర్ పట్టేముందు పోలీసులా ఒకటే ప్రశ్న: "ఏం చేసిండ్రు? నిజం చెప్పుండ్రి. అబద్ధం చెప్తే మిషిన్ బాగుకాదు." ఓసారి నా కీబోర్డు మీద నేనే చాయ్ ఒలకబోసుకుని, "ఏమో, దానంతటదే బందైంది" అన్నాను. నిజం కక్కేదాకా ముట్టుకోలేదు. ఆ కోపం నాకు చాలాకాలం పోలేదు.

మొన్న పెళ్లిళ్ల రోజుల్లో నేను అతని దుకాణంలో కూర్చుని ఉండగా పెద్దమందడి నుంచి వనజ వచ్చింది, సీపీయూను చంటిబిడ్డలా చంకనెత్తుకుని. వెనకాల ఆమె మామ చిన్నయ్య. ఆమెది కంప్యూటర్ ఎంబ్రాయిడరీ పని. మొదటిసారి ఓ పెళ్లికూతురి జాకెట్టు చేతికొచ్చింది. తెల్లారితే పెళ్లి, ఇంకా ఒక చెయ్యి కుట్టాలి. కంప్యూటరేమో ఆన్ చేసిన కాసేపటికే ఆగిపోతోంది.

"ఇంకో దుకాణంల మదర్‌బోర్డు పోయిందన్నరన్నా. కొత్తది హైదరాబాద్ నుంచి రావాల్నంట. గా బోర్డు వచ్చేసరికి పిల్ల పెళ్లే అయిపోతది," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ జాకెట్టు మాట తప్పితే ఊళ్లో ఇంకెవరూ తనకు గుడ్డ ఇవ్వరని ఆమె భయం.

"ఏం చేసిండ్రక్కా?" అడగనే అడిగాడు ఇమ్మానుయేల్.

"ఏం చెయ్యలే అన్నా."

చిన్నయ్య గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు.

ఇమ్మానుయేల్ పవర్ సప్లై మార్చాడు. ఆగిపోయింది. ర్యామ్ మార్చాడు. మళ్లీ అంతే. "ఇగ పోతే బోర్డన్న పోయుండాలె, ప్రాసెసరన్న పోయుండాలె," అన్నాడు. పెళ్లివాళ్లకు ఫోన్ చేస్తానని వనజ బయటికి వెళ్లింది.

అతను ప్రాసెసర్ మీది ఫ్యాను విప్పాడు. దాని కింద తెల్లటి పేస్టు ఉంటుంది. ప్రాసెసర్ వేడిని పైకి లాగేది అదే. ఇక్కడేమో పాతగోడ సున్నంలా పెచ్చులు లేస్తోంది. వేలితో రుద్ది వాసన చూసి, చిన్నయ్య అంగీ జేబులోని తంబాకు డబ్బీ వైపు చూశాడు.

"తాతా, గిది సున్నమేనా?"

చిన్నయ్య ముఖం చిన్నబోయింది. "ఫ్యాను రొదజేస్తుంటే తుడుద్దామని ఇప్పిన బిడ్డా. లోపట సున్నం ఎండిపోయినట్టు గనిపించె. తాజాది వెడితె మంచిగ నడుస్తదనుకున్న. కోడలికి చెప్పనీకె నోరు రాలె."

నాకు నవ్వు ఆగక కుర్చీలోంచి పడబోయాను. ఇమ్మానుయేల్ నవ్వలేదు. సున్నం గీకి, శుభ్రంగా తుడిచి, అసలు పేస్టు రాసి ఫ్యాను బిగించాడు. కంప్యూటర్ ఆగకుండా నడిచింది. బోర్డూ పోలేదు, ప్రాసెసరూ పోలేదు. వేడి తట్టుకోలేక తనను తాను బంద్ చేసుకుంటోంది, అంతే.

వనజ లోపలికొచ్చి, తెరమీద పూల డిజైను చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఏమయిందన్నా?"

"లోపటి పేస్టు ఎండిపోయిందక్కా. పాతదయితే గట్లనే అయితది," అన్నాడు ఇమ్మానుయేల్, రెప్పయినా వేయకుండా.

చాయ్ చుక్కకు నన్నంత సతాయించిన మనిషి!

"ఆదివారం ప్రార్థనల ఏమని చెప్పుకుంటవో," అని గొణిగాను.

"నువ్వు జిరాక్స్ జూస్కో పో."

నిజం చెప్పొద్దూ, చిన్నయ్య ముఖం తేటపడటం చూశాక ఇమ్మానుయేల్ మీది పాత కోపం కూడా పోయింది.

వనజ సీపీయూ ఎత్తుకోబోతూ బల్లమీది తెల్లటి పెచ్చులు చూసింది. ఒకటి చిదిమింది. మామ వైపు ఒకసారి చూసి గడప దాటింది.

"రా మామా," అంది బయటినుంచి. "డబ్బీల సున్నం అయిపోయిందేమో, బస్టాండ్ల కొనుక్కొని పోదాం."