నడికట్టు విప్పిన తర్వాత

మయూర్ విహార్‌లో అప్పుడే కట్టిన ఫ్లాట్లలో రెండో అంతస్తు మాది. నీళ్ళు పైదాకా ఎక్కేవి కావు. పొద్దున్నే కింది కుళాయి దగ్గర బకెట్లు నింపుకొని మెట్లెక్కాలి. మూడో కాన్పు తర్వాత ఆ పని నావల్ల కాలేదు. సగం మెట్లకే నడుము పట్టేసేది, పొట్టలో బిగువు ఉండేది కాదు. మా ఆయన ఆఫీసుకు ఆలస్యమవుతోందని విసుక్కుంటూ నీళ్ళు మోసి మోసి, హోలీ వెళ్ళాక ఒకరోజు తేల్చేశారు. వేసవి సెలవులు అయ్యేలోపు నేను కోలుకోకపోతే చిన్నదాన్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోవాలి. పెద్దపిల్లలిద్దరూ బడి కోసం ఇక్కడే, అత్తగారి దగ్గర. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అక్కడికి పోతే పిల్లలకు ఉత్తరం రాయాలన్నా ఎవరినో బతిమాలుకోవాలి.

కింది అంతస్తులో ఒక పంజాబీ ఆవిడ ఉండేది, బడిలో ఆటల టీచరు. నేను దీదీ అనేదాన్ని. ముందు పొట్ట కండలు గట్టిపడాలి, అప్పుడే నడుము నిలుస్తుందని చెప్పి, సాయంత్రాలు తన ముందుగదిలో చాప పరిచి నేర్పింది. వెల్లకిలా పడుకుని రెండు కాళ్ళూ కలిపి లేపి గాలిలో ఆపడం, మోచేతులూ కాలివేళ్ళూ ఆన్చి ఒంటిని కర్రలా నిలపడం. అవి వచ్చాక, పార్కులో ఇనుపకమ్మీకి వేలాడి మోకాళ్ళు గుండెల దాకా తెచ్చుకోవడం. చీరతో అది సాగదు కనుక ఆవిడ సల్వార్ కమీజే వేసుకునేదాన్ని.

బాల్కనీలోంచి చూసిన అత్తగారు, కోడలు గబ్బిలమైపోయిందని మా ఆయనకు చెప్పారు. ఆయన తెగ నవ్వారు. నీళ్ళు మోసేటప్పుడు ఎన్నడూ రాని నవ్వు.

ఒళ్ళు మండే సంగతి ఇంకొకటి. సాయంత్రం కమ్మీకి వేలాడితే బాగానే చేసేదాన్ని. మర్నాడు పొద్దున బకెట్ ఎత్తితే మళ్ళీ అదే నడుము, అవే సగం మెట్లు. ఎండలు ముదిరినా అంతే. దీదీకీ అర్థం కాలేదు. ఒకరోజు నేను చాప మీద కాళ్ళు లేపి ఉండగా, కండ బిగుస్తోందో లేదో చూద్దామని పొట్ట మీద చెయ్యి వేసింది.

"ఇదేమిటి?"

"గుడ్డ. కాన్పయ్యాక మా అత్తగారు కట్టారు."

కాన్పయిన ఆడదాని నడుముకు పాత చీర మడతపెట్టి బిగించి కట్టడం మా వైపు ఆచారం. స్నానం కాగానే అత్తగారే రోజూ కట్టేవారు, రాత్రి పడుకోబోతూ విప్పేదాన్ని. నీళ్ళు తెచ్చేది స్నానానికి ముందు. అది నాకెప్పుడూ తట్టలేదు.

దీదీ తల పట్టుకుంది. "చిన్నది పరుగులు పెడుతోంది, నీకింకా గుడ్డా? అచ్ఛా, ఇన్నాళ్ళూ కసరత్తు చేసింది నువ్వు కాదు, ఆ చీర."

విప్పేసి కమ్మీకి వేలాడితే మోకాళ్ళు కదల్లేదు. చాప మీద కాళ్ళు వణికి కింద పడ్డాయి. మళ్ళీ మొదటికి వచ్చి, గుడ్డ లేకుండా చాప మీద నుంచే మొదలుపెట్టాను. అంతకన్నా పెద్ద కసరత్తు ఇంట్లో. స్నానాలగది తలుపు దగ్గర అత్తగారు చీర పట్టుకుని సిద్ధం. కట్టకపోతే పొట్ట జారుతుంది, గాలి దూరుతుంది, తర్వాత నన్ననకు. రోజూ అవే మాటలు. వద్దని రోజూ నేను. పక్కనే కూర్చుని మా ఆయన పేపరు చదువుకునేవారు.

సెలవులు ముగిసే వారం, ఒక పొద్దున రెండు చేతులా నిండు బకెట్లు పట్టుకుని, ఎక్కడా దించకుండా రెండో అంతస్తుకు వచ్చి వంటింట్లో పెట్టాను. ఆయాసం వచ్చింది కానీ నడుము పట్టలేదు. మా ఆయన పేపరు దించి చూశారు.

"ఇంక ఊరికి వెళ్ళక్కర్లేదులే," అన్నారు. కాఫీ ఒక గుక్క తాగి, "రేపు గ్యాస్ సిలిండరు వస్తుంది. అదీ నువ్వే తెచ్చెయ్యగలవేమో చూడు," అన్నారు.

"అది మీరే తెండి," అని, పెద్దపిల్లల బడిబట్టలు ఉతకడానికి ఆ నీళ్ళు తీసుకుపోయాను.