మొదటి ఉలిదెబ్బ

మేడ్చల్‌లో మిక్సీ లేని ఇల్లు లేదని అందరూ గొప్పలు చెప్పుకునే రోజుల్లో కూడా మా అత్తగారు కందులు విసుర్రాయిలోనే విసరాలని పట్టుబట్టేది. ఆ మొండితనం వల్లే నాకు జయమ్మ పరిచయమైంది. రాయి అరిగి నున్నగైపోతే గింజ పగలదు, జారిపోతుంది. అప్పుడు రాతి ముఖం మీద ఉలితో సన్నని గుంటలు కొట్టాలి. దాన్నే కక్కు కొట్టడం అంటారు. ఏడాదికి రెండుసార్లు జయమ్మ వచ్చి, మా వాకిట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఆ పని చేసి పోయేది. అలా పదకొండేళ్ళు వచ్చింది.

ఆమె పుట్టింది శామీర్‌పేట అవతల బండలు కొట్టేవాళ్ళ గుడిసెల్లో. పెళ్ళయ్యేనాటికి ఎన్నేళ్ళో ఆమెకే తెలియదు. "అత్త నా కంటె రోకలి ఎత్తుగున్నదని నవ్విందంట" అని చెప్పేది. భర్త క్వారీ దుమ్ము మింగీ మింగీ దగ్గుతోనే పోయాడు. మిగిలింది కొడుకు రాకేష్, అత్త చేతిలోంచి వచ్చిన ఉలి, సుత్తి. ఆ రెండూ గుడ్డసంచిలో వేసుకుని పొద్దున్నే బయలుదేరేది. మేడ్చల్ గల్లీలు, సూరారం, ఒక్కోసారి జవహర్‌నగర్ దాకా. అక్కడి చెత్తకుప్పల వాసనకు నేనైతే బస్సు కిటికీ మూసేస్తాను. "గా గబ్బుల గూడ మనుషులు తొక్కు నూరుకోని తినాలె గద టీచరమ్మా" అని ఆమె నన్నే మందలించింది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. నాకు తెలియనిది ఎవరైనా అడిగితే ముందు కోపం వస్తుంది, సిగ్గు ఆ తర్వాత వస్తుంది. 2001 జనవరిలో ఆ రెండూ నాకు జయమ్మే తెప్పించింది.

ఆ రోజు పని మధ్యలో మంచినీళ్ళకని లోపలికి వచ్చి, గోడ మీది క్యాలెండర్ ముందు ఆగిపోయింది. రామప్ప గుడి చూరు కింద నిలబడే నల్లరాతి నాట్యగత్తె బొమ్మ అది. గ్లాసు చేతిలో అలాగే ఉంది.

"గీమె ఎవలు?"

"రామప్ప గుడిలో బొమ్మ. కాకతీయుల కాలం నాటిది. పన్నెండువందల పదమూడులో కట్టారు. చెక్కిన శిల్పి పేరే గుడికి వచ్చిందంటారు." అడగనివన్నీ చెప్పాను. ఉపాధ్యాయ జన్మ.

"అది గాదు టీచరమ్మా. మొదటి దెబ్బ యాడ కొట్టిండ్రు? తలకాయ కాడనా, కాళ్ళ కాడనా?"

ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెప్తున్నాను. తేదీలు, రాజులు, నీళ్ళలో తేలే ఇటుకలు, అన్నీ కంఠోపాఠం. ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. "అవన్నీ ఇప్పుడెందుకు, నీళ్ళు తాగి పని చూడు" అని కసిరాను. ఆమె తాగింది, పోయి పని చూసుకుంది. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సహించలేదు.

వారం తిరక్కుండానే కాలనీ ఆడవాళ్ళందరినీ రామప్పకు తీసుకుపోతానని ప్రకటించేశాను. "అక్కడ ఏం మొక్కితే ఏమవుతుంది?" అని మొదటి ప్రశ్న. ఏమీ కాదు, చూడ్డానికి అన్నాను. చూడ్డానికి గుడికి పోవడమేమిటని మొహాలు చూసుకున్నారు. శివరాత్రి ముందు శివుణ్ణి చూస్తే పుణ్యమని మా అత్తగారు ఒక్క మాట వేసేసరికి ఇరవైమంది తేలారు. నా చదువంతా చేయలేని పని ఆమె వక్క నములుతూ చేసింది.

జయమ్మను రమ్మంటే వెంటనే ఒప్పుకుంది. కానీ ఆమె కారణం వేరు. రాకేష్ దుండిగల్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. అక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో తల్లికి ఆయా పని మాట్లాడాడు. నెల తిరిగితే చేరాలి. నాలుగు గల్లీలు తిరిగినా ఒక్క విసుర్రాయి దొరకని కాలం వచ్చింది మరి.

"మా అత్త చెప్పింది" అంది జయమ్మ. "పని ఇడిసిపెట్టే రోజొస్తె ఉలి పారెయ్యద్దు, పాత సామానోనికి ఎయ్యద్దు. రాతి గుళ్ళె దేవుని ముందర వెట్టి దండం వెట్టి రావాలె. మనకాడ గుళ్ళన్ని సిమెంటుయే ఆయె. గందుకే రామప్పకు వస్త. గా బొమ్మకు మొదటి దెబ్బ యాడ వడ్డదో సూస్త, ఉలి దేవునికి ఇచ్చి ఇగ నిమ్మలంగ చీపురు వట్టుకుంట."

ఆ చివరి మాట ఆమె నవ్వుతూనే అంది.

ములుగులో పనిచేసే నా స్నేహితురాలు, గుడి ఉన్న పాలంపేటలో గండయ్య అనే గైడు ఉన్నాడని చిరునామా ఇచ్చింది. కార్డు రాశాను. భోజనానికి నీడ ఉందా, మంచినీళ్ళు దొరుకుతాయా, గుడి మొత్తం చూపించడానికి ఎంతసేపు పడుతుంది, ఇవి మూడు. చివర చోటు మిగిలితే జయమ్మ ప్రశ్న కూడా ఇరికించాను. పది రోజులకు జవాబు వచ్చింది. "మొదటి మూడింటికి ఇబ్బంది లేదు. నాలుగో ప్రశ్న ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అడగలేదు. అడిగినామెను తప్పక తీసుకురండి. నాకు నిద్ర పట్టడం లేదు."

ఇల్లు అలకగానే పండగ అవుతుందా? ఒక నోటుబుక్కు పెట్టి అన్నీ రాసుకున్నాను. మినీబస్సు, పులిహోర, నీళ్ళ క్యాన్లు, వాంతుల మాత్రలు, ముసలివాళ్ళకు ముందు సీట్లు. జయమ్మ ఉలి సంగతి నాకు తెలుసు, సుత్తి సంగతీ తెలుసు. తెలిసి కూడా దాన్ని గురించి ఒక్క అక్షరం రాయలేదు, ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. గుడికి ఉలి తీసుకుపోవడం ఆమెకు కొబ్బరికాయ తీసుకుపోయినంత మామూలు. నాకూ అప్పటికి అలాగే అయిపోయింది.

పాలంపేట చేరేసరికి పదకొండు దాటింది. జయమ్మ తలంటుకుని, పచ్చచీర కట్టుకుని, ఉలికి పసుపు రాసి కొత్తగుడ్డలో చుట్టి, సుత్తితో పాటు సంచిలో వేసి తెచ్చుకుంది. గేటు దగ్గర కావలి మనిషి ఆ సంచి విప్పించాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇవేందమ్మా? ఉలి, సుత్తి వట్టుకోని శిల్పాల కాడికి వోతవా?"

"దేవుని ముందర వెట్టనీకె."

"ఎవలన్న ఒప్పుకుంటరా? అవి ఈడ్నే ఉంచి పో."

అతని తప్పు ఏమీ లేదు. ఎనిమిది వందల ఏళ్ళ బొమ్మల మధ్యకు సుత్తిని పంపే కావలివాడు ఎక్కడైనా ఉంటాడా? బుద్ధి లేనిదాన్ని నేనే. బస్సులో పెట్టి రమ్మని బతిమాలాను.

"గివి రానికాడికి నేనొక్కదాన్ని వోయి ఏం జెయ్యాలె?" అంది. కోపం లేదు, ఏడుపూ లేదు. పోయి బస్సు మెట్టు మీద కూర్చుంది. మిగతా ఆడవాళ్ళు పాపం అనుకుంటూనే లోపలికి నడిచారు.

ఇంతలో తెల్లపంచె, భుజాన తువ్వాలు వేసుకున్న పెద్దమనిషి వచ్చాడు. గండయ్య. నమస్కారం కూడా పెట్టకుండా, "నాలుగో ప్రశ్న ఎవరిదమ్మా?" అన్నాడు. చూపించాను, జరిగింది చెప్పాను. ఆయన మెట్టు దగ్గరికి పోయి, వంగి సంచిలోని ఉలిని చూశాడు.

"చెల్లె, లోపల ఉన్నయన్ని పూర్తయిన బొమ్మలు. మొదటి దెబ్బ యాడ వడ్డదో వాటిని సూస్తె తెల్వదు. మా చెలక గట్టున ఒక బండ ఉన్నది. ఎవలో షురూ జేసి ఇడిసిపెట్టిండ్రు. సూడనీకె అందం ఏం లేదు, గందుకే నేను ఎవలకు సూపెట్ట. వస్తవా?"

పది నిమిషాలు నడిచాం. ఆయన మెట్టచేని గట్టు మీద ముళ్ళచెట్టు పక్కన నడుమెత్తు నల్లబండ. ముందువైపు ఒక మనిషి భుజం, నడుము వంపు లీలగా తేలి ఆగిపోయాయి. తల లేదు, కాళ్ళు లేవు. నాకైతే కాలవ గట్టుకు వేసే రాయిలాగే కనిపించింది.

జయమ్మ చెప్పులు విడిచింది. భుజాన్ని, నడుమును నేను ఊహించినట్టు తాకలేదు. నేరుగా వెనక్కి పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, బండ అడుగున మట్టిని చేత్తో తోడి, కళ్ళు మూసుకుని తడమడం మొదలుపెట్టింది. గండయ్య నావైపు చూశాడు, నేను గండయ్యవైపు చూశాను.

"ఈడున్నది" అంది.

మేమిద్దరం పోటీపడి వంగాం. అరచేతి వెడల్పున చిన్న చిన్న గుంటలు, వరుసగా. మా విసుర్రాయి మీద ఉండేవే.

"మొదలు ముఖం ముట్టరు అన్నా. ఎవలకు కనవడని కాడ నాలుగు దెబ్బలు ఏసి సూస్తరు. ఎంత గట్టిది, ఎట్ల పెచ్చు లేస్తది, కోపం ఉన్నదా లేదా అని. ఇసుర్రాయికి నేను గూడ అడుగుభాగాన్నె ముందు కొడ్త. ఈయన ఎడమచేతి మనిషి, గుంటలు ఆ దిక్కు వాలినయి సూడు." మట్టి దులుపుకుంటూ లేచి, పక్కకు వచ్చి ఒక సన్న గీతను చూపింది. "ఇగో, నడుము కాడికి వచ్చినంక పగులు బయటవడ్డది. పరేషానయి ఇడిసిపెట్టిండు, పాపం. బొచ్చెడు దినాల పని."

ఎవరో పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పింది. గండయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నేను పుట్టి పెరిగింది ఈ గట్టు మీద. ఈ బండ కింద చెయ్యి వెట్టలే ఎన్నడు. అయితె లోపలి బొమ్మలకు గూడ..."

"ఉంటయి. గోడ దిక్కు ఉంటయి. దేవునికి గూడ కనవడయి."

తిరిగి వస్తుంటే గండయ్యే అన్నాడు, సంచి తన చేతికిస్తే గేటు బయట పట్టుకుని నిలబడతానని, దేవుణ్ణి చూసి రమ్మని. జయమ్మ చాలాసేపు ఆలోచించి ఇచ్చింది. లోపల గంటసేపు తిరిగింది. ప్రతి బొమ్మ ముందూ ఆగింది. ఆడవాళ్ళు పులిహోర తినడం ఆపి ఆమె వెంట తిరిగారు, ఇదెట్లా చెక్కారు, అదెట్లా తొలిచారు అని అడుగుతూ. పాఠం చెప్పడానికి నాకు సందు దొరకలేదు. ఆ రోజు మొదటిసారి నాకు దానివల్ల కోపం రాలేదు.

బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. గండయ్య అదే చోట నిలబడి ఉన్నాడు, సంచిని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకుని.

"కింద వెట్టకపోతివా అన్నా? కూసోకపోతివా?"

"పనిముట్టు గద చెల్లె. నేల మీద ఎట్ల వెడ్త?"

జయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భర్త పోయిన కబురు చెప్పినప్పుడు కూడా ఏడవని మనిషి. ఏడుపు ఆగాక సంచిలోంచి సుత్తి తీసుకుని, ఉలిని ఆయన చేతుల్లోనే ఉంచేసింది.

"దేవునికి ఇద్దామని తెచ్చిన. ఇగ నీ కాడ ఉండనియ్యి. ఆ బండ కాడికి నలుగురిని తోల్కపోయి, మొదటి దెబ్బ గిట్ల వడ్డదని సూపెట్టు."

సోమవారం ఆమె కాలేజీలో చేరింది. రెండు నెలలకు గండయ్య కార్డు వచ్చింది. వచ్చినవాళ్ళను ముందు చెలక గట్టుకే తీసుకుపోతున్నాడట. "ఈ ఉలి ఎవరిదని అందరూ అడుగుతున్నారు. పక్కన బోర్డు రాయిస్తున్నాను. చెల్లెలి ఇంటిపేరు, పూర్తి పేరు తెలియజేయగలరు."

కార్డు పట్టుకుని నిలబడిపోయాను. రామప్ప పేరు ఏటా అరవైమంది పిల్లల చేత వల్లె వేయిస్తాను. పదకొండేళ్ళు మా వాకిట్లో కూర్చున్న మనిషి ఇంటిపేరు నాకు తెలియదు. సిగ్గు ఈసారి ముందే వచ్చింది.

మర్నాడే దుండిగల్ పోయాను. మెట్లు తుడుస్తున్నదల్లా లేచి నిలబడింది. కార్డు చదివి వినిపించి, పెన్ను తీశాను.

"ఆలకుంట జయమ్మ" అని, నేను రాయడం అయ్యేదాకా చూసి, "గంతేనా? నా కంటె ముందు మా అత్త పేరు రాయి టీచరమ్మా" అంది. "ఆలకుంట పోశమ్మ. ఉలి ఆమెది."