గుడ్డ మీద వెండి గీతలు

వరప్రసాదం సొంతూరు ఉదయగిరి. పదో తరగతి తప్పాక నెల్లూరులో ఒక ప్రింటింగ్ షాపులో చేరి, చెక్క ఫ్రేముకు సన్నటి జాలీగుడ్డ బిగించి దాని మీదుగా సిరా లాగే పని నేర్చుకున్నాడు. స్క్రీన్ ప్రింటింగ్ అంటే అదే. ఆత్మకూరులో బస్టాండు ఎదురు సందులో సొంత షాపు పెట్టి ముప్పై ఏళ్లయింది. పెళ్లి పత్రికలు, బట్టలకొట్ల సంచులు, కబడ్డీ జట్ల బనియన్లు అన్నీ ఆయన చేతి మీదుగానే పోయేవి. ఫ్లెక్సీలు వచ్చాక గిరాకీ సగానికి పడిపోయింది. అయినా ఆయన దిగులుగా కనబడడు. పని చేస్తూ క్రీస్తు కీర్తనలు పాడతాడు. సిరా లాగేటప్పుడు పాట మధ్యలో తెగితే గీత కూడా తెగుతుందని నమ్మకం. భార్య శీనమ్మ అదే షాపులో కుట్టుమిషన్ మీద సంచులు కుడుతుంది.

నిరుడు ఆగస్టులో ఒక మధ్యాహ్నం సరళ వచ్చింది. ఉదయగిరిలో వాళ్ల వీధి పిల్లే. నెల్లూరులో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతోంది. చిన్నప్పటి నుంచి ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తుంది.

"బాబాయ్, గుడ్డ మీద కరెంటు పారే గీతలు అచ్చేయాల. వస్తాదా నీకు?"

"కరెంటా? తొడుక్కున్నోళ్లకి షాక్ కొట్టదా అమ్మాయ్?"

"గడియారంలో వేసే బిళ్ల బ్యాటరీలో ఎంత ఉంటాదో అంతే. ముట్టుకున్నా తెలీదు."

సంగతి ఏమిటంటే, బట్టలు డిజైన్ చేసే ఎనిమిది మందికి సరళ పది రోజుల క్లాసు పెట్టింది. రంగులూ కత్తిరింపులూ బాగా వచ్చినవాళ్లే, తీగ చూస్తే మాత్రం బెదిరిపోతారు. తీగ లేకుండానే వెలిగే బట్ట, వెచ్చబడే బట్ట, వేలు తగిలితే కనిపెట్టే బట్ట ఎలా చేయవచ్చో వాళ్లకు చూపించాలని ఆమె ఆశ. దానికి వెండి కలిపిన సిరా దొరుకుతుంది. ప్లాస్టిక్ కాగితం మీద ఆ సిరా గీత చక్కగా పని చేసింది. గుడ్డ మీద వేస్తే ఒక్క దీపమూ వెలగలేదు.

మర్నాడు పొద్దున్నే ఎనిమిది మందీ బస్సు దిగారు. పిల్లల గౌన్లు డిజైన్ చేసే అనురాధ గుమ్మంలోనే చెప్పేసింది.

"నాకు ఫిజిక్స్ అంటే చచ్చే భయం అంకుల్."

"నాకూ రాదమ్మా. మనిద్దరం ఒక బెంచీలో కూర్చుందాం, రా."

సిరా డబ్బా తెరిచి చూస్తే మీగడలా చిక్కగా ఉంది. చేతి అలవాటు కొద్దీ వరప్రసాదం అందులో కాస్త థిన్నర్ పోశాడు. గీత నున్నగా, తళతళలాడుతూ పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరాక సరళ గీత రెండు కొసలకూ మీటరు పుల్లలు ఆనించింది. గీతలో కరెంటు పారితే మీటరు కూత పెట్టాలి. అది పలకలేదు.

"బాబాయ్, సిరాలో ఏమన్నా కలిపినావా?"

"రవ్వంత థిన్నర్ పోసినాను."

"వెండి రేణువులు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటేనే కరెంటు పారేది. పల్చన చేస్తే విడిపోతాయి."

ఆయన ముఖం మాడిపోయింది. దొరకడమే కష్టమైన సిరా. ఇంకో డబ్బా తెరిచి, ఏమీ కలపకుండా అచ్చేశాడు. ఈసారీ మీటరు మూగగానే ఉంది. బయటికి పోయి బల్ల మీద కూర్చున్నాడు. పాట లేదు. శీనమ్మ టీ గ్లాసు పట్టుకొని వచ్చింది.

"ఏంది, మూతి ముడుచుకోని కూర్చున్నావు?"

"గుడ్డ తాగేస్తా ఉండాది మే. వేసిన సిరా అంతా దారాల్లోకి దిగిపోతాండాది."

"నల్ల బనియన్ల మీద పసుపు రాక మూడు రోజులు అన్నం మానేసినావే. అప్పుడేం చేసినావు?"

"ముందు తెల్ల అస్తరు వేసి, దాని మీద పసుపు..."

మాట పూర్తి కాకుండానే లేచాడు. టీ బల్ల మీదే ఉండిపోయింది.

బనియన్లకు వాడే రబ్బరు పేస్టును గీత పడే మేరకు ముందు పట్టీలా అచ్చేశాడు. అది ఆరాక, ఆ నున్నటి పట్టీ మీద వెండి సిరా లాగాడు. సరళ దాన్ని వేడిలో ఆరబెట్టి మీటరు ఆనించింది. కుయ్యిమంది! అనురాధ బియ్యపుగింజంత దీపాన్ని అతికించి, బ్యాటరీ బిళ్ల పెట్టింది. ఎర్రగా వెలిగింది. ఆమె పెట్టిన కేకకు పక్క టీకొట్టు వాళ్లు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు.

తక్కిన రోజులు పండగలా గడిచాయి. సిరా లాగే రబ్బరు పలకను ఎంత వాలుగా పట్టాలో, మధ్యలో ఆగకుండా ఎలా లాగాలో వరప్రసాదం ఒక్కొక్కరి చేయి పట్టుకొని నేర్పాడు. ఆగితే మరక పడుతుంది కాబట్టి పాట పాడమన్నాడు. వాళ్లకు కీర్తనలు రావు. సినిమా పాటలందుకున్నారు.

"ఏదో ఒకటి. చివరిదాకా పాడండి, అంతే!" అన్నాడాయన.

శీనమ్మ మిషన్ తొక్కుతూ మాటిమాటికీ మోకాలు నిమురుకోవడం అనురాధ కంటపడింది. బట్ట వెచ్చబడాలంటే వెండి కాదు, బొగ్గు సిరా కావాలని సరళ చెప్పింది. అనురాధ మోకాలికి చుట్టే పట్టీ కత్తిరించింది. వరప్రసాదం అచ్చేశాడు. శీనమ్మే కుట్టుకుంది. కట్టుకొని నాలుగడుగులు వేసింది.

"ఇది మోకాలికా, తలుపుకా? వంగదేంది?"

మడత పడే చోట గీత పగిలింది కూడా. అనురాధ ఆలోచించి, తిన్నటి గీతలకు బదులు పాము నడకలాంటి వంకర గీతలు గీసింది. పేస్టు పట్టీని వరప్రసాదం సన్నగా వేశాడు. ఫోనుకు చార్జింగ్ పెట్టే పవర్ బ్యాంకు తగిలించి, వేడి ఎక్కువ కాకుండా సరళ మీటర్లతో రెండు రోజులు చూసుకున్నాకే శీనమ్మకు ఇచ్చింది. శీనమ్మ దాన్ని మోకాలికి చుట్టుకుంది. కళ్లు మూసుకుంది.

"చలికాలం పొద్దున ఎండకు కూర్చున్నట్టుండాది," అంది.

వరప్రసాదం అటు తిరిగి ఫ్రేము తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

ఇప్పుడు సరళ ప్రతి బ్యాచ్‌కూ ఆయన్ను నెల్లూరుకు పిలిపిస్తోంది. మొదటిసారి క్లాసులో అందరి ముందు నిలబడి మాట్లాడమంటే తల అడ్డంగా ఊపాడు. "ఫ్రేము ఇయ్యమ్మా, చేసి చూపిస్తా," అన్నాడు. ఆ తర్వాత రెండు గంటలు ఎవరూ కుర్చీల్లో లేరు, అందరూ ఆయన చుట్టూనే. అంకుల్ అన్నవాళ్లందరూ సాయంత్రానికి మాస్టారూ అంటున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లు శీనమ్మ చుట్టూ మూగి, అలాంటి పట్టీ తమకూ కావాలంటారు. ఆమె ఒప్పుకోదు. "ఉతికితే నిలబడాల గదమ్మా! పన్నెండు ఉతుకులకు ఒకటి పోయింది. పైన ఇంకో పూత వేసినాడు మీ అన్న. ఇప్పుడు పంతొమ్మిదో ఉతుకు నడస్తాండాది. యాభై దాటితే అప్పుడడగండి," అంటుంది.

షాపు వెనక దండెం మీద ఆ పట్టీ ఆరుతోంది. తడి పోయిందో లేదోనని వరప్రసాదం పొద్దున్నుంచి నాలుగుసార్లు చూసి వచ్చాడు.